పెట్టుబడి యాప్‌లలో ఏది మంచిది? పెట్టి మరిచిపోదాం అనుకునేవారు ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే

తగరపువలస (విశాఖపట్నం): నెల జీతం పడగానే ఓ మూడు వేలు పక్కన పెడదాం, రోజూ మార్కెట్ చూసే ఓపిక లేదు, అందుకే ఏదో ఒక యాప్‌లో వేసి వదిలేద్దాం. ఇప్పుడు చాలామంది ఆలోచన ఇదే. ఫోన్ తెరిస్తే గ్రో, జెరోధా కాయిన్, కువేరా, ఈటీ మనీ, పేటీఎం మనీ అంటూ పేర్లు వరుస కడతాయి. అన్నీ 'ఉచితం' అంటాయి. మరి ఏది ఎంచుకోవాలి?

సూటిగా చెప్పాలంటే, పెట్టి మరిచిపోయేవారికి యాప్ పేరు రెండో విషయం. మీ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? ఏటా ఎంత ఖర్చు కోస్తారు? ఆ యాప్ మిమ్మల్ని ప్రశాంతంగా ఉండనిస్తుందా? ముందు అడగాల్సినవి ఈ మూడే. వీటికి జవాబు తెలిస్తే యాప్ ఎంపిక పది నిమిషాల పని.

తగరపువలస లాంటి ఊళ్లో ఈ ప్రశ్నలకు బరువు ఎక్కువ. గోస్తని ఒడ్డున వేల కుటుంబాలకు అన్నం పెట్టిన చిట్టివలస జూట్ మిల్లు 2009లో లాకౌట్ అయింది. నెల జీతం ఎంత గట్టిదో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. ఒకవైపు చిప్పాడ దివీస్‌లో, విశాఖ కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు ఉన్నారు. మరోవైపు స్టీల్ ప్లాంట్‌లో వీఆర్‌ఎస్ తీసుకుని ఒకేసారి పెద్ద మొత్తం అందుకున్నవారు ఉన్నారు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు సరేసరి. చీటీ, ప్లాటు, బంగారం, ఇప్పుడు యాప్. కష్టార్జితం ఎటు వెళ్లాలన్నదే అసలు ప్రశ్న.

మొదటి ప్రశ్న: డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో రెండు పేర్లు చెబితే చాలు. ఒకటి అగ్రిగోల్డ్, రెండోది కార్వీ.

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ ప్లాట్లు ఇస్తామని, లేదంటే మంచి రాబడితో తిరిగిస్తామని చెప్పి దాదాపు 32 లక్షల ఖాతాల ద్వారా 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసిందన్నది దర్యాప్తు సంస్థ ఈడీ లెక్క. ఆ డబ్బు నేరుగా కంపెనీ చేతికే వెళ్లింది. కంపెనీ మునిగితే డిపాజిట్‌దారులూ మునిగారు. 10 వేల లోపు, ఆ తర్వాత 20 వేల లోపు కట్టినవారికి 2019, 2021లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాల్సి వచ్చింది.

కార్వీ కథ వేరు. అది హైదరాబాద్‌లో పుట్టిన, సెబీ లైసెన్స్ ఉన్న పెద్ద స్టాక్ బ్రోకింగ్ సంస్థ. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని తేలింది. 2019 నవంబర్ 22న సెబీ చర్య తీసుకుంది. 95 వేల మందికి చెందిన దాదాపు 2,300 కోట్ల రూపాయల షేర్లు తాకట్టులో ఉన్నట్టు బయటపడింది. డిపాజిటరీ జోక్యంతో కొద్ది రోజుల్లోనే 80 వేల మందికి పైగా ఖాతాదారులకు షేర్లు తిరిగొచ్చాయి. మిగతావారు చాలాకాలం తిరగాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కార్వీని, దాని అధిపతి సి.పార్థసారథిని సెబీ ఏడేళ్ల పాటు మార్కెట్ నుంచి నిషేధించింది.

తేడా గమనించారా? అగ్రిగోల్డ్‌లో జనం చేతిలో మిగిలింది బాండు కాగితం. కార్వీలో షేర్లు ఖాతాదారు పేరు మీద డిపాజిటరీలో నమోదై ఉన్నాయి కాబట్టే ఎక్కువమందికి వెనక్కి వచ్చాయి. లైసెన్స్ ఒక్కటే సరిపోదు, ఆస్తి మీ పేరు మీద ఎక్కడ రాసి ఉందో తెలియాలి.

మరి మ్యూచువల్ ఫండ్ మాటేమిటి? మీరు యాప్‌లో 3 వేలు సిప్ కడితే ఆ డబ్బు యాప్ కంపెనీ ఖాతాలో ఆగకూడదు. అలా మధ్యలో పోగేసే పద్ధతిని సెబీ 2022 జూలై 1 నుంచి ఆపేసింది. మీ బ్యాంకు నుంచి క్లియరింగ్ వ్యవస్థ ద్వారా ఫండ్ ఖాతాకే వెళ్తుంది. ఎన్ని యూనిట్లు వచ్చాయన్న లెక్క రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది. దేశంలో ఈ పని చేసే ప్రధాన సంస్థలు రెండు. ఒకటి చెన్నైలోని క్యామ్స్, రెండోది మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్. కేఫిన్‌టెక్ ఒకప్పుడు కార్వీ గ్రూపులోదే. 2018లోనే జనరల్ అట్లాంటిక్ అనే విదేశీ సంస్థ చేతికి వెళ్లింది. బ్రోకింగ్ వ్యవహారం దీనిది కాదు, పాత పేరు చూసి భయపడక్కర్లేదు.

అంటే యాప్ కేవలం గుమ్మం మాత్రమే. ఇల్లు వేరే చోట ఉంది. 2024లో కువేరాను క్రెడ్ కొనేసింది, ఈటీ మనీని 360 వన్ కొనేసింది. యజమానులు మారారు కానీ అందులో కొన్నవాళ్ల యూనిట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేపు మీ యాప్ మూతపడినా క్యామ్స్, కేఫిన్‌టెక్ కలిసి 2021లో తెచ్చిన ఎంఎఫ్ సెంట్రల్‌లో పాన్ నంబర్, మొబైల్ నంబర్‌తో లాగిన్ అయితే మీ ఫండ్లన్నీ కనిపిస్తాయి. సిప్ మొదలుపెట్టిన నెల తర్వాత ఒకసారి అక్కడికి వెళ్లి చూసుకోండి. యాప్‌లో కనిపించే యూనిట్లు అక్కడా కనిపిస్తే మీ డబ్బు సరైన చోటికే చేరినట్టు.

రెండో ప్రశ్న: ఏటా ఎంత కోస్తారు?

ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా. కానీ యాప్‌ల ప్రకటనల్లో తక్కువగా కనిపించేదీ ఇదే.

ప్రతి మ్యూచువల్ ఫండ్‌లో రెండు రకాల ప్లాన్లు ఉంటాయి. మధ్యవర్తికి కమీషన్ వెళ్లేది రెగ్యులర్ ప్లాన్. కమీషన్ లేనిది డైరెక్ట్ ప్లాన్. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్ సంస్థ డైరెక్ట్ ప్లాన్ ఇవ్వాల్సిందేనని సెబీ నిబంధన పెట్టింది. ఫండ్ అదే, షేర్లు అవే, మేనేజర్ కూడా ఆయనే. ఖర్చు మాత్రమే వేరు.

మేనేజర్ షేర్లు ఏరి కొనే ఫండ్లలో ఈ తేడా చాలాసార్లు ఏడాదికి ఒక శాతం దాకా ఉంటుంది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం.

నెలకు 3 వేలు, 20 ఏళ్లు. మీరు కట్టేది మొత్తం 7 లక్షల 20 వేలు. ఖర్చులు పోను ఏటా 11 శాతం పెరిగితే చివరికి సుమారు 25 లక్షల 97 వేలు అవుతుంది. అదే 10 శాతం పెరిగితే సుమారు 22 లక్షల 78 వేలే. తేడా 3 లక్షల 19 వేలు! మీరు కట్టిన మొత్తంలో దాదాపు 44 శాతం అన్నమాట. (రాబడి ఇంతే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇది ఖర్చు ప్రభావం చూపడానికి వేసిన లెక్క మాత్రమే.)

కమీషన్ బిల్లు రూపంలో రాదు, రోజూ ప్రకటించే యూనిట్ ధరలోనే కలిసిపోతుంది. అందుకే చాలామందికి తాము కడుతున్నట్టే తెలీదు. ఫండ్ పేరు చివర 'డైరెక్ట్' అని ఉందా లేదా చూడండి. లేదంటే అది రెగ్యులర్ అనే అనుకోవాలి.

అలాగని రెగ్యులర్ ప్లాన్ మోసం కాదు. ఫారాలు నింపి, కేవైసీ చేయించి, మార్కెట్ పడినప్పుడు ఫోన్ చేసి 'కంగారు పడకండి' అని చెప్పే ఏజెంటు ఊళ్లో ఉంటే, ఆ కమీషన్ ఆయన సేవకు ఇచ్చే ఫీజు. ఆ సేవ అందుతోందా లేదా అన్నదే ప్రశ్న. సంతకం పెట్టించుకుని మళ్లీ కనిపించని మనిషికి 20 ఏళ్లు ఫీజు కట్టడం దండగ.

ఏ దారి ఎలాంటిది?

ఫండ్ సంస్థ సొంత యాప్ లేదా వెబ్‌సైట్: డైరెక్ట్ ప్లాన్ దొరుకుతుంది, మధ్యలో ఎవరూ ఉండరు. ఒక్క ఫండ్‌లో ఒక్క సిప్ చాలు అనుకునేవారికి ఇది బాగా సరిపోతుంది. మూడు నాలుగు కంపెనీల ఫండ్లు ఉంటే అన్ని లాగిన్‌లు గుర్తుపెట్టుకోవాలి.

గ్రో, కువేరా, ఈటీ మనీ లాంటి యాప్‌లు: అన్ని కంపెనీల డైరెక్ట్ ప్లాన్లు ఒకే చోట ఉంటాయి. ఫండ్ కొన్నందుకు మీ దగ్గర కమీషన్ తీసుకోవు. ఇలాంటి వేదికల కోసం సెబీ 2023లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొత్తవాళ్లకు తేలిగ్గా ఉంటాయి. కాకపోతే అదే తెరమీద షేర్లు, ఆప్షన్లు లాంటివి కూడా ఉంటే చూపు అటు పోతుంది.

జెరోధా కాయిన్: ఇదీ డైరెక్ట్ ప్లానే, కమీషన్ లేదు. ఫండ్ యూనిట్లు డీమ్యాట్ ఖాతాలో ఉంటాయి. షేర్లు, ఫండ్లు ఒకే చోట కనిపించడం లాభం. డీమ్యాట్ ఖాతాకు ఏటా నిర్వహణ రుసుము ఉంటుంది. చిన్న మదుపరుల కోసం ఉన్న బేసిక్ డీమ్యాట్ ఖాతా అయితే 4 లక్షల విలువ వరకు ఆ రుసుము ఉండదు. మీ ఖాతా ఏ రకమో అడిగి తెలుసుకోండి.

బ్యాంకు శాఖ, బ్యాంకు యాప్: నమ్మకం, సౌకర్యం ఉంటాయి. అయితే అక్కడ సాధారణంగా అమ్మేది రెగ్యులర్ ప్లాన్. ఫండ్ అడిగితే బీమా పాలసీ అంటగట్టే సందర్భాలూ ఉంటాయి కాబట్టి సంతకానికి ముందు పేరు చదవండి.

బ్రోకర్ ద్వారా ఈటీఎఫ్: ఖర్చు తక్కువే. కానీ షేరులాగా మార్కెట్ టైమ్‌లో ఆర్డర్ పెట్టాలి, కొన్నిచోట్ల ప్రతి ఆర్డర్‌కూ బ్రోకరేజీ పడుతుంది. పెట్టి మరిచిపోయేవారికి ఫండ్ సిప్ అంత సులువు కాదు.

ఎన్‌పీఎస్: దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. 2009 మే 1 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. 'ఆటో చాయిస్' ఎంచుకుంటే వయసు పెరిగేకొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది. నిర్వహణ ఖర్చు చాలా తక్కువ. అమెరికాలో ఉన్న మనవాళ్లు రిటైర్మెంట్ ఖాతాల్లో వాడే పద్ధతికి మన దగ్గర దగ్గరగా ఉన్నది ఇదే. ఇబ్బంది ఒక్కటే, ఇది పదవీ విరమణ కోసం పెట్టిన పథకం. ఇష్టం వచ్చినప్పుడు మొత్తం తీయలేరు.

మూడో ప్రశ్న: యాప్ మిమ్మల్ని ప్రశాంతంగా ఉండనిస్తుందా?

డైరెక్ట్ ఫండ్ మీద కమీషన్ రాదు. మరి ఉచితంగా ఇచ్చే యాప్‌కు ఆదాయం ఎక్కడిది? బ్రోకింగ్ కూడా చేసే యాప్‌లకు ప్రధానంగా ట్రేడింగ్ నుంచే. అందులోనూ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ నుంచి వచ్చేది పెద్ద వాటా. అంటే ప్రశాంతంగా సిప్ కట్టుకునే మనిషి కన్నా రోజూ ట్రేడ్ చేసే మనిషే యాప్‌కు లాభం. అందుకే 'ఈరోజు టాప్ గెయినర్స్', 'కొత్త ఐపీవో', 'మీరు చూసిన షేరు 5 శాతం పెరిగింది' లాంటి నోటిఫికేషన్లు మోగుతూనే ఉంటాయి.

ఆ దారిలో ఏం జరుగుతుందో సెబీ అధ్యయనమే చెప్పింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. 2024-25లో కూడా 91 శాతం మందికి నష్టమే.

కాబట్టి పోల్చేటప్పుడు ఇది చూడండి. ఫండ్లు మాత్రమే వాడుకునే వీలుందా? ఎఫ్ అండ్ ఓ సౌకర్యం ఆన్ చేయకుండా వదిలేయొచ్చా? నోటిఫికేషన్లు ఆపేయొచ్చా? ఈ మూడూ కుదిరే యాప్ మీకు మంచి యాప్. తెర ఎంత రంగురంగులుగా ఉందన్నది లెక్క కాదు.

ఇంతకీ దేంట్లో పెట్టాలి?

మార్కెట్ చూసే ఓపిక లేనివారికి ఇండెక్స్ ఫండ్ సరళమైన దారి. 1976లో అమెరికాలో జాన్ బోగుల్ సామాన్యుల కోసం మొదటి ఇండెక్స్ ఫండ్ తెచ్చినప్పుడు ఉన్న ఆలోచనే ఇప్పుడూ ఉంది. ఏ షేరు పెరుగుతుందో ఊహించకుండా సూచీలో ఉన్నవన్నీ అదే నిష్పత్తిలో కొనడం. మన దగ్గర నిఫ్టీ 50 ఫండ్ అంటే 50 పెద్ద కంపెనీల్లో వాటా. చాలా నిఫ్టీ 50 ఫండ్ల డైరెక్ట్ ప్లాన్‌లో ఏటా ఖర్చు వంద రూపాయలకు 30 పైసల లోపే ఉంటుంది.

అయితే ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు. 2020 జనవరి 14న 12,362 దగ్గర ముగిసిన నిఫ్టీ, కొవిడ్ భయంతో మార్చి 23న 7,610కి పడిపోయింది. లక్ష రూపాయలు పెట్టినవారి ఖాతాలో పది వారాల్లో 62 వేల లోపే కనిపించింది. భయపడి అమ్మేసినవారి నష్టం ఖాయమైపోయింది. కదలకుండా ఉన్నవారికి ఆ నవంబర్‌కల్లా సూచీ పాత స్థాయి దాటింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకుంటుందని కాదు, ఏళ్లు పట్టొచ్చు కూడా. అందుకే ఏడేళ్లు, పదేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బే ఇందులోకి రావాలి. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. పిల్ల పెళ్లికి రెండేళ్లలో కావాల్సిన డబ్బు ఇక్కడికి రాకూడదు.

వీఆర్‌ఎస్ లేదా రిటైర్మెంట్ డబ్బు అందుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నెల ఖర్చుకు ఆధారపడే మొత్తాన్ని ఏ యాప్‌లోనూ ఒకేసారి షేర్ల ఫండ్‌లో వేయొద్దు. 60 ఏళ్లు దాటినవారు పోస్టాఫీసు, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవారు కూడా డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేరొచ్చు. ఆ గడువు దాటనివ్వకండి.

యాప్ అసలుదేనా?

ఈమధ్య మోసాలన్నీ ఒకే బాటలో నడుస్తున్నాయి. వాట్సాప్ లేదా టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు, పెద్ద కంపెనీ పేరును పోలిన యాప్ లింక్ పంపుతారు, మొదట్లో లాభాలు చూపిస్తారు. తీసుకుందాం అనుకున్నప్పుడు 'ముందు ట్యాక్స్ కట్టండి' అంటారు. యాప్‌ను ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే దించుకోవాలి. అక్కడ కూడా కంపెనీ పేరు సరిచూసుకోవాలి. గ్రూపులో వచ్చిన లింక్ నొక్కొద్దు.

2025 అక్టోబర్ నుంచి సెబీ ఓ మంచి ఏర్పాటు చేసింది. సెబీ గుర్తింపు ఉన్న బ్రోకర్లు, ఫండ్ సంస్థలకు ప్రత్యేక యూపీఐ ఐడీలు ఇచ్చారు. వాటిలో 'వ్యాలిడ్' అనే ఇంగ్లిష్ పదం, ఆ వెంటనే బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. 'సెబీ చెక్' అనే సదుపాయంలో ఆ ఐడీ, బ్యాంకు ఖాతా నిజమైనవో కాదో చూసుకోవచ్చు. వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకు పంపమంటే అది మోసమే.

డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. నిజమైన సంస్థ మీదే ఫిర్యాదు ఉంటే సెబీ 'స్కోర్స్' పోర్టల్‌లో పెట్టొచ్చు. సెబీ టోల్ ఫ్రీ నంబర్ 1800 22 7575.

మరిచిపోండి, కానీ ఇంట్లో చెప్పి మరిచిపోండి

పెట్టి మరిచిపోవడంలో ఒక ప్రమాదం ఉంది. పెట్టిన మనిషి లేకపోతే ఎలా? పాలసీ బాండు, ప్లాటు కాగితం బీరువాలో దొరుకుతాయి. ఫోన్ యాప్‌లో ఉన్న ఫండ్ గురించి ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇలా మరుగున పడ్డ ఫోలియోలు వెతకడానికే 2025లో 'మిత్ర' అనే సదుపాయం తెచ్చారు. పదేళ్లుగా లావాదేవీ లేని పాత ఫండ్లు పాన్ వంటి వివరాలతో అక్కడ దొరుకుతాయి. అమ్మానాన్నల పేరు మీద పాతవి ఉన్నాయేమోనన్న అనుమానం ఉన్నవారు కూడా చూసుకోవచ్చు.

ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే నామినీ పేరు తప్పనిసరిగా పెట్టండి. ఫండ్ పేరు, ఫోలియో నంబర్, ఏ యాప్‌లో కొన్నారో ఒక కాగితం మీద రాసి పాలసీ బాండ్ల పక్కన ఉంచండి. పాస్‌వర్డ్, పిన్ మాత్రం అందులో రాయొద్దు. సిమ్ మార్చినా, బ్యాంకు ఖాతా మార్చినా ఫండ్‌లోనూ మార్పించుకోండి. ఏడాదికి ఒక్కరోజు, ఉగాదికో పుట్టినరోజుకో, ఎంఎఫ్ సెంట్రల్ తెరిచి యూనిట్లు, నామినీ, బ్యాంకు ఖాతా సరిచూసుకుంటే చాలు. మిగతా 364 రోజులు మార్కెట్ సంగతి మార్కెట్‌కు వదిలేయొచ్చు.

వరుస ఇదీ: ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. డైరెక్ట్ ప్లాన్ దొరికే అసలు యాప్ ఒకటి ఎంచుకోండి. ఒక ఇండెక్స్ ఫండ్‌లో చిన్న సిప్‌తో మొదలుపెట్టండి. నోటిఫికేషన్లు ఆపేయండి, నామినీ పెట్టండి. మ్యూచువల్ ఫండ్లకు మార్కెట్ రిస్క్ ఉంటుంది. యాప్ ఛార్జీలు, ప్రభుత్వ నిబంధనలు మారుతుంటాయి, కట్టే ముందు తాజా వివరాలు ఒకసారి సరిచూసుకోండి. పెద్ద మొత్తం అయితే సెబీ నమోదు ఉన్న పెట్టుబడి సలహాదారుతో మాట్లాడాకే అడుగు వేయండి.